డెబ్బై మూడుకు ఆకుపచ్చ పట్టీ

ఈ మధ్య ఇంటి కిటికీలకు రంగు వేయించవలసి వచ్చి రాజమహేంద్రవరంలో ఒక పెయింట్ల దుకాణానికి వెళ్ళాను. అక్కడ రంగు కలిపేది మనిషి కాదు, యంత్రం. పుస్తకంలో మనం చూపించిన గడి నంబరు నొక్కుతారు. తెల్లరంగు ఉన్న డబ్బాలోకి సన్నని గొట్టాల నుంచి నాలుగైదు రంగుల బొట్లు పడతాయి. మూత బిగించి గిలకొడతారు. "మళ్ళీ కావాలంటే ఇదే రంగు వస్తుందా?" అని అడిగాను. దుకాణం ఆయన నన్ను కొంచెం జాలిగా చూసి, "నంబరుంది కదండీ. ఇంక కళ్ళతో పనేముంది?" అన్నాడు.

ఆ మాట వినవలసిన మనిషి ఒకరు ఉండేవారు. పోయిన ఏడాది వానాకాలంలో కాలం చేశారు. పేరు రాయడం లేదు. తన పేరు ఎక్కడైనా రాస్తామంటే ఆయనకు చిరాకు; "పేరు ఇంజనుదండి, మనదేముంది" అనేవారు. ఒకప్పటి స్టీమ్ షెడ్డులో, అంటే ఆవిరి ఇంజన్లను కడిగి, బాగుచేసి, రంగులు వేసి తిరిగి పట్టాల మీదికి పంపే చోట, ఆయన పెయింటరు. మా కాలేజీలో అందరం పెయింటరు గారనే పిలిచాం. ఇక్కడా అలాగే పిలుస్తాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పాను. ఆధారం అడగకుండా ఏ మాటనూ ఒప్పుకోకపోవడం వృత్తి వల్ల వచ్చిన అలవాటు. ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బంటారు. కాబట్టి నేను చూసినవి చూసినట్టు, ఆయన చెప్పగా విన్నవి విన్నట్టు విడివిడిగానే రాస్తాను.

మా విభాగం వరండాలో ఒక గాజు బీరువా, అందులో మూడడుగుల పొడవున్న ఆవిరి ఇంజను నమూనా ఉండేవి. ఇత్తడి, ఇనుప రేకు, రాగి గొట్టాలతో చేసిన నమూనా అది. షెడ్డు మూతపడే రోజుల్లో అక్కడి ఫిట్టరు ఒకాయన చేసి కాలేజీకి ఇచ్చారన్నంత వరకే మాకు తెలుసు. ఒక ఏడాది వానలకు వరండా కప్పు కారి, నీళ్ళు బీరువాలోకి దిగి, ఇంజను నల్లరంగు పొక్కిపోయి పెచ్చులుగా రాలింది. మరో మూడు నెలల్లో కాలేజీకి పరిశీలన కమిటీ రావలసి ఉంది. కార్లకు రంగు కొట్టే అతనితో మాట్లాడి ఇంజనుకు బంగారు రంగు స్ప్రే చేయిద్దామని ప్రిన్సిపాల్ గారు నిర్ణయించారు.

మా ల్యాబ్ అటెండరుది నిడదవోలు. రోజూ రైల్లో వస్తాడు. ఈ సంగతి రైలు పెట్టెలో ఎవరితోనో అన్నాడట. రెండో రోజు ఉదయం తెల్లని పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర బొత్తాములు పెట్టుకున్న ఒక పెద్దాయన నా గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళని తరువాత తెలిసింది.

"ఆ ఇంజనుకి బంగారం రంగు కొడతారని విన్నానండి. కొట్టకండి. నేను వేత్తాను."

"మీరెవరండీ?"

"షెడ్డులో పెయింటర్నండి. దీని అసలుది డెబ్బై మూడు. నంబరు పెద్దదేననుకోండి, చివరి రెండంకెలే పిలిచేవాళ్ళం. దానికి రంగేసింది నేనే."

"ఆధారం ఏమైనా ఉందా?"

ఇలా అడిగితే సాధారణంగా మనుషులు నొచ్చుకుంటారు. ఆయన మెచ్చుకోలుగా తల ఊపి, చంకలోని ప్లాస్టిక్ కవరులోంచి ఒక ఫోటో తీశారు. నలుపు తెలుపు ఫోటో. గుండ్రని మూతి, దాని మీద నక్షత్రం ఉన్న పెద్ద ఇంజను. ముందు వరుసగా షెడ్డు మనుషులు. బొగ్గూ నీళ్ళూ మోసే వెనక భాగం, టెండరు, పొడవునా ఒక పట్టీ ఉంది.

"ఈ పట్టీ ఆకుపచ్చండి. పైనా కిందా మీగడ రంగు గీత."

"ఫోటోలో బూడిద రంగుగా ఉంది కదా."

"ఫోటోకి తెలీదు కదండీ."

ఏ ఆకుపచ్చ అని అడిగాను. సిగ్నల్ స్తంభాలకు వేసే ఆకుపచ్చలో కొంత నీలం, కొంత నలుపు కలిపేవారట. ఎంతెంత అంటే కొలత లేదన్నారు. కంటికి సరిపోయినప్పుడు ఆపేసేవారట. ఒక్కొక్క షెడ్డుది ఒక్కొక్క సింగారమని, ఆ ఆకుపచ్చ తమ షెడ్డులో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదని చెప్పారు. అసలు ఇంజను ఎప్పుడో కోతకు వెళ్ళి తుక్కయింది. ఆ పట్టీ వేసినవారిలో, రోజూ చూసినవారిలో మిగిలింది తానొక్కరేనన్నారు. కొలత లేని రంగుకు ఒకే ఒక సాక్షి అన్నమాట. ప్రయోగశాలలో పెరిగిన నాకు ఇంతకంటే ఇబ్బందికరమైన పరిస్థితి ఇంకొకటి తోచదు. అయినా బంగారు రంగు కంటే మేలే కదా అని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించాను. పెయింటరు గారు కోరింది ఉత్తరపు వెలుతురు పడే చోట ఒక బల్ల, ఒక కుర్చీ.

మరుసటి రోజు నుంచి ఆయన అటెండరుతో పాటు పాసింజరులో గోదావరి దాటి వచ్చేవారు. ఆ తెల్లచొక్కాతోనే పనిచేసేవారు. ఒక్క చుక్క పడటం నేను చూడలేదు. అడిగితే, "చొక్కా మీద పడేసుకునేవాడు పెయింటరు కాదండి, సున్నం కొట్టేవాడు" అన్నారు. మొదటి వారమంతా రంగు జోలికే పోలేదు. "డెబ్బై మూడుకి ముందు తలంటు పొయ్యాలండి" అని చక్రాలు, కడ్డీలు విడదీసి, పాత రంగును కిరసనాయిలుతో నానబెట్టి తీసి, ఇత్తడిని చింతపండుతో తోమి, మెత్తని బ్రష్షుతో మూలమూలలా కడిగారు. తరువాత భూతద్దం పెట్టుకుని రివెట్లు లెక్కపెట్టారు. ఫోటోలో ఉన్నవి, నమూనాలో ఉన్నవి. కుడిపక్క రెండు తక్కువ.

"వాడెప్పుడూ కుడిపక్కకొచ్చేసరికి తొందరపడేవాడండి" అన్నారు.

"ఎవరు?"

"చేసినోడు." సూదిమొన మీద జిగురు చుక్క తీసుకుని, ఆ రెండు రివెట్ల తలలూ ఉండవలసిన చోట ఉబ్బెత్తుగా పెట్టారు. ఎండాక నా వేలికి తేడా తెలియలేదు.

టెండరులో పోయడానికి అటెండరు బొగ్గు నలగగొట్టి తెచ్చాడు. పెయింటరు గారు ఒక పలుకును వేళ్ళ మధ్య పట్టుకుని అతనికి చూపించారు. "ఇది అసలు ఇంజనులో అయితే ఎంతుంటదో తెలుసా? బియ్యం బస్తా అంత. ఏ ఫైర్‌మన్ ఎత్తి పొయ్యిలో వేత్తాడయ్యా? నువ్వెత్తుతావా?" ఆ బొగ్గు టీ వడకట్టే జల్లెడలో మూడుసార్లు దిగాక గానీ ఆయనకు నచ్చలేదు. బాయిలరు పైన ఆవిరి వదిలే చోట పలచని తెలుపుతో సన్నని చార దించారు. ఉప్పునీళ్ళు పోసిన ఇంజనుకు అక్కడ సున్నం మరక పడుతుందట. కొత్తగా మెరిసే ఇంజను అంటే ఆయనకు గౌరవం లేదు. "అది పని చెయ్యలేదన్నట్టు కదండీ" అనేవారు.

ఆయన చెప్పేవాటిని నేను పరీక్షిస్తూ ఉండేదాన్ని. రంగు వేసే ముందు రేకు మీద అరచెయ్యి ఆన్చి, ఒక్కొక్కసారి "ఇవాళ వద్దండి, చల్లగా ఉంది" అని కుంచె పెట్టేసేవారు. నేను గాలిలో తేమ కొలిచే పరికరం తెచ్చి పక్కన పెట్టాను. ఆయన వద్దన్న రోజుల్లో తేమ బాగా ఎక్కువగా ఉంది; అటువంటప్పుడు వేసిన ఎనామిల్ తెల్లగా మసకబారుతుంది. అరచెయ్యి గెలిచింది. చివరి పూతను పాలతో తుడిస్తే మెరుపు నిలుస్తుందన్నారు. రెండు రేకులు తీసుకుని ఒకదాన్ని పాలతో, ఒకదాన్ని నీళ్ళతో తుడిచి నెల రోజులు చూశాను. తేడా లేదు. ఆయన రెండు రేకులూ తిప్పి తిప్పి చూసి, "మీ పాలవాడు నీళ్ళు కలిపుంటాడండి" అన్నారు. సన్నగీత లాగేటప్పుడు రెండు గుండెచప్పుళ్ళ మధ్య ఊపిరి బిగబట్టి లాగుతానని కూడా చెప్పారు. గడియారం పెట్టి చూస్తే గీతకు ఎనిమిది సెకన్లు పట్టింది. ఆ మాటే అంటే, "అయితే ఎనిమిది సెకన్లూ అది ఆగే ఉంటదండి. లేకపోతే గీత వంకరపోవాలి కదా" అన్నారు. గీత మాత్రం వంకరపోలేదు.

నలుపు పూర్తయ్యాక పట్టీ రంగు మొదలైంది. ఐదు రోజులు కలిపారు. రేకుముక్క మీద చుక్క పెట్టి, వరండా చివరికి నడిచి, వెలుతురులో తిప్పి, తల అడ్డంగా ఊపి తిరిగి వచ్చేవారు. ఆరో రోజు "ఇదేనండి" అన్నారు. ఆ రంగు నాకు నీలంగా కనిపించింది. నెమలి మెడ మీద ఉండే నీలం.

"ఇది నీలం కాదాండీ?"

"మీరు షెడ్డులో లేరుగా."

అటెండరు తొంగిచూశాడు. "నీలవేనండి బాబాయి గారూ."

"నువ్వెళ్ళి కళ్ళు పరీక్ష చేయించుకో."

నేను వాదించలేదు. నాకు నీలంగా కనిపించడం నా కంటికి సంబంధించిన విషయం. అసలు ఇంజను ఏ రంగులో ఉండేదో దాని వల్ల తేలదు. తెలిసిన సాక్షి ఆయన ఒక్కరే. పట్టీ వేశారు. పైనా కిందా మీగడ రంగు గీతలు లాగారు. కమిటీ రావడానికి ఇంకా రెండు వారాలుండగా ఇంజనును హాల్లో గాజు బీరువాలో పెట్టాం. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మర్నాడే ఆయన కుడికంటికి శుక్లం ఆపరేషను. పని అయ్యేదాకా ఇంట్లో వాయిదా వేస్తూ వచ్చారట.

పదిరోజుల తరువాత నల్లకళ్ళజోడుతో వచ్చారు. ఒంటరిగా పంపనని ఆయన భార్య కూడా వచ్చారు. కుర్చీలో కూర్చుంటూనే ఆవిడ నాతో, "ఈయనగారికి ఇంజనొక్కటే కనపడుద్దండి. కూరలో వెంట్రుకున్నా కనపడదు" అన్నారు. ఆయన విననట్టు బీరువా దగ్గరకు వెళ్ళి, కళ్ళజోడు తీసి, వంగి చూశారు. వెంటనే వెనక్కి తిరిగారు.

"దీన్నెవరు మార్చారు?"

ఎవరూ ముట్టుకోలేదన్నాను. ఆయన అటెండరు వైపు చూశారు. అతను నొచ్చుకుని, "తాళం మేడమ్ గారి దగ్గరే ఉందండి, నాకేం తెల్సు" అన్నాడు. పెయింటరు గారు తిరిగి బీరువా వైపు తిరిగారు. కుడికన్ను మూశారు. తెరిచి, ఎడమకన్ను మూశారు. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. చాలాసేపు అలా చేశారు.

"ఇక్కడ రెండింజన్లున్నాయండి" అన్నారు చివరికి.

అప్పుడు నాకు అర్థమయింది. శుక్లం ముదిరేటప్పుడు కొందరి కంటి కటకం పసుపుగా, గోధుమ రంగుగా మారుతుంది. అది నీలపు వెలుతురును చాలా వరకు మింగేస్తుంది. దగ్గరి చూపు మాత్రం కొన్నాళ్ళపాటు మెరుగుపడినట్టే ఉంటుంది కాబట్టి వెంట్రుకంత గీత లాగే మనిషిని ఎవరూ అనుమానించరు. ఆ కంటికి ఆకుపచ్చగా కనిపించేదాకా ఆయన నీలం కలుపుతూ పోయారు. ల్యాబ్ నుంచి పసుపు గాజు పలక తెచ్చి ఆయన కొత్త కన్ను ముందు పెట్టాను. ఆకుపచ్చ. తీశాను. నీలం. ఆయన పలకను నా చేతిలోంచి తీసుకుని తానే పెట్టి, తీసి, చూశారు. స్క్రూగేజీ చేతికివ్వగానే ముందు సున్నాదోషం చూసుకోమని ఎన్ని తరగతుల పిల్లలకు చెప్పానో లెక్కలేదు. ఆయన మాటలన్నీ పరీక్షించాను గానీ కొలిచే పరికరం, ఆ కన్ను, సరిగ్గా ఉందో లేదో చూడాలని నాకు తట్టలేదు.

"దీన్ని గీకేత్తానండి" అన్నారు.

కమిటీ రావడానికి నాలుగు రోజులుంది. పట్టీ వేసి, ఎండనిచ్చి, గీతలు లాగడానికి ఆ వ్యవధి చాలదు. పైగా వంగకూడదని, కంట్లో దుమ్ము పడకూడదని డాక్టరు చెప్పారు. అవన్నీ చెప్పాను. ఆయన భార్య నా కంటే గట్టిగా చెప్పారు. చివరికి నాకు బలమైనదనిపించిన ప్రశ్న వేశాను. "కొత్త కన్నుతో వేసినా అదే సరైన రంగని ఎలా తెలుస్తుంది?"

"తెలీదండి. ఇది తప్పని మాత్రం తెలిసింది కదా. తెలిశాక ఉంచకూడదు."

నా జీవితంలో విజ్ఞానశాస్త్ర పద్ధతిని గురించి చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను. ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పగా వినలేదు. 

"ఎవరికీ తెలీదు కదండీ, బాగానే ఉంది కదా" అని అటెండరు నసిగాడు.

"వాడుంటే ఒక్క చూపుకి చెప్పేవాడు" అన్నారు పెయింటరు గారు. ఆ రోజే ఫిట్టరు సంగతి మొత్తం బయటపడింది. ఆయన చెప్పినదే రాస్తున్నాను. ఇద్దరూ ఒకే ఏడాది షెడ్డులో చేరారు. ఫిట్టరు రెండేళ్ళపాటు భోజనం విరామాల్లో కూర్చుని ఈ నమూనా చేశాడు. పూర్తయ్యాక పట్టీ వెయ్యమని స్నేహితుడి దగ్గరకు తెచ్చాడు. సరిగ్గా ఆ వారమే అసలు డెబ్బై మూడును కోతకు పంపారు. "అసలుదాన్ని చంపేసి బొమ్మకి ముస్తాబేంట్రా, నేను బొమ్మలకి రంగెయ్యను అన్నానండి. పదిమందిలో అన్నాను." ఫిట్టరు నమూనాను వెనక్కి పట్టుకుపోయాడు. తానే మొత్తం నలుపు పూసి కాలేజీకి ఇచ్చేశాడు. తరువాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఫిట్టరు రిటైరై సామర్లకోటలో స్థిరపడ్డాడు, అక్కడే పోయాడు. "దినానికి కూడా ఎళ్ళలేదండి."

ఆయన భార్య అప్పటిదాకా చీరకొంగుతో బీరువా గాజు తుడుస్తున్నారు. "ఎళ్ళమని నేను నాలుగుసార్లు చెప్పానండి" అన్నారు నెమ్మదిగా.

ప్రిన్సిపాల్ గారి దగ్గరకు ఆయనే వెళ్ళారు. "తప్పు నాదండి. పెళ్ళివారొచ్చే వేళకి పిల్ల తయారవలేదనుకోండి." ప్రిన్సిపాల్ గారికి కోపం వచ్చింది, ఎదురుగా నల్లకళ్ళజోడుతో నిలబడిన పెద్దమనిషి మీద దాన్ని చూపించలేకపోయారు. గీకడం అటెండరు చేశాడు. పెయింటరు గారు రెండడుగుల దూరంలో కుర్చీలో నిటారుగా కూర్చుని, "మెల్లగానయ్యా, అది వంకాయ కాదు" అంటూ చేయించారు. కమిటీ వచ్చిన రోజున ఇంజను టెండరు మీద ఎర్రటి ప్రైమరు పట్టీతో, గీతలు లేకుండా నిలబడి ఉంది. సభ్యుల్లో ఒకరు ఇది అసంపూర్తిగా ఉందేమని అడిగారు. "రంగు తేలలేదండి. తేలాక వేత్తాం" అన్నారు పెయింటరు గారు. వారు తల ఊపి ముందుకు వెళ్ళారు. కమిటీ నివేదికలో ఇంజను ప్రస్తావన లేదు.

రెండో కంటి ఆపరేషను అయ్యాక ఒక ఉదయం ఆయన నాకు ఫోను చేశారు. షెడ్డులో డబ్బా అడుగున మిగిలిన రంగును పారబోసేవారు కాదట. ఎవరికి దొరికితే వారు ఇంటికి తీసుకెళ్ళి కుర్చీకో, ట్రంకుపెట్టెకో, కిటికీ చువ్వలకో పూసేవారు. "షెడ్డోళ్ళ ఇళ్ళల్లో ఇనప సామానేదీ కొన్నప్పటి రంగులో ఉండేది కాదండి. మా ఇంట్లో పెట్టె ఉండేది. పాత సామాన్లవాడికి వేసేశారు." వెనక నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది: "వెయ్యమన్నదెవరో కూడా చెప్పండి." ఆయన, "సామర్లకోటలో వాడి పనిముట్ల పెట్టె ఉండుంటదండి. మీరు కూడా వత్తే బాగుంటది. సాక్షి ఉండాలి కదా" అన్నారు. ఆయనకు కావలసింది సాక్షి కాదని, ఆ గడప ఒంటరిగా ఎక్కలేకపోతున్నారని నాకు అనిపించింది. అది నా ఊహే, అడగలేదు.

సామర్లకోట స్టేషను నుంచి ఆటోలో వెళ్ళాం. ఫిట్టరు గారి భార్య తలుపు తీసి, ఆయన్ని పైనుంచి కింద దాకా చూశారు.

"రండన్నయ్యగారూ. దారి గుర్తుందా?"

"గుర్తులేకేం చెల్లెమ్మా. రావడానికే…" అని ఆగిపోయారు.

ఆవిడ పూర్తిచెయ్యమని అడగలేదు. మంచినీళ్ళిచ్చి, వచ్చిన పని విని, మంచం కిందినుంచి ఇనుప పెట్టె లాగించారు. పైన రెండు మూడు సార్లు వేరే రంగులు పడి ఉన్నాయి. మూత ఎత్తారు. లోపలివైపు ఆకుపచ్చ.

"ఇది మీరిచ్చిందే కదా. డబ్బా అడుగున మిగిలితే మీరే పట్టుకెళ్ళమన్నారంట. తర్వాత మీ మీద కోపమొచ్చినప్పుడల్లా ఈ మూత దడాలున వేసేవారు."

పెయింటరు గారు పెట్టెను వాకిట్లోకి తెప్పించారు. ఒక కంటితో, రెండో కంటితో, రెండింటితో చూశారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అది చివికిన, కొంచెం బురద కలిసినట్టున్న ఆకుపచ్చ. ఆయన వర్ణిస్తూ వచ్చిన నిగనిగలాడే రంగు కాదు.

"నాకు గుర్తున్నది ఇది కాదండి" అన్నారు.

"అయితే ఇది వేరే డబ్బాదా?"

"కాదండి. ఇదే. గుర్తే తప్పు." మూతను అరచేత్తో ఒకసారి తడిమారు. "నేనే బాగా మెరిసేలా చేసుకున్నాను, ఇన్నేళ్ళూ."

ఫిట్టరు గారి భార్య గుమ్మానికి ఆనుకుని వింటున్నారు. "మీరు తప్పు ఒప్పుకోవడం చూడాలని ఆయనకి మహా సరదాగా ఉండేది" అన్నారు.

"రంగు గురించా, చెల్లెమ్మా?"

"మీ ఇష్టం అన్నయ్యగారూ. రెండిటికీ వేసుకోండి."

ఆయన నవ్వబోయి, మణికట్టు బొత్తాము విప్పి, మళ్ళీ పెట్టుకున్నారు. "రెండిటికీనమ్మా" అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళి అన్నం వడ్డించారు.

మూత విప్పి మాతో పంపారు, తిరిగి ఇవ్వాలన్న షరతు మీద. నాకు ఇంకొక అనుమానం ఉంది. చీకట్లో మూసి ఉంచిన ఎనామిల్ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. ఆ మాట నేను అనబోయేంతలో రైల్లో ఆయనే అన్నారు: "నాలుగు రోజులు ఎండలో పెడదామండి. చీకట్లో ఉన్న రంగుకి కామెర్లొత్తాయి." కాలేజీ మేడ మీద మూతను ఎండబెట్టాం. పోల్చిచూడటానికి ఒక మూలను నల్లకాగితంతో కప్పి ఉంచాను. ఆరో రోజు కాగితం తీస్తే, కప్పిన మూలకూ తక్కిన భాగానికీ స్పష్టమైన తేడా ఉంది. ఆయన ఆ మూలను చూపిస్తూ అటెండరుతో, "చూశావా, మేడమ్ గారు మూతక్కూడా పరీక్ష పెట్టారు" అన్నారు, తన పని తానే మెచ్చుకున్నంత తృప్తిగా.

ఈసారి మూడు రోజుల్లో రంగు కలిసింది. సరిపోయిందో లేదో తేల్చడానికి ఆయన చేసినదాని కంటే మంచి పరీక్ష నాకు తోచలేదు. మమ్మల్ని బయటకు పొమ్మని, మూత మీద ఎక్కడో ఒక చుక్క పెట్టి, ఆరిన తరువాత అటెండరును పిలిచి వెతకమన్నారు. అతను ముక్కు ఆనేంత దగ్గరగా వంగి పావుగంట వెతికాడు. నేనూ వెతికాను. మాకు దొరకలేదు. ఆయన చూపుడువేలు పెట్టి చూపించాక కూడా నాకు పూర్తిగా నమ్మకం కలగక, చీకటి గదిలో టార్చి ఏటవాలుగా వేసి చూస్తే, చుక్క అంచు ఉబ్బెత్తుగా కనిపించింది. రంగులో తేడా లేదు.

పట్టీ వేశారు. గీతలు లాగారు. ప్రిన్సిపాల్ గారు ఇత్తడి పలక మీద ఆయన పేరు చెక్కిద్దామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. చేసినవాడి పేరు చెక్కించమని, కింద పట్టీ రంగు ఎక్కడిదో ఒక్క వాక్యం పెట్టమని నన్ను అడిగారు. నేను కాగితం మీద ఇలా రాసి చూపించాను: "టెండరు పట్టీకి సరైన రంగు, ఫిట్టరు గారి పనిముట్ల పెట్టె మూత లోపలి రంగును బట్టి వేయబడింది."

ఆయన రెండు కళ్ళతో నిదానంగా చదివారు. నా చేతిలోంచి కలం తీసుకుని "సరైన" అన్న మాట కొట్టేసి, పైన "దొరికిన" అని రాశారు.

"ఇంత పరీక్ష చేశాం కదండీ, సరైనదే కదా" అన్నాను. అలా అన్నది నేనేనని ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

"రేపు ఇంకో పెట్టె దొరికితే ఏం చేత్తారండి?" అన్నారు.